ఇంకో బోరు వేసే ముందు ఒక్కసారి ఈ నీటి లెక్క కట్టండి



పై వీడియోలో డ్రమ్ముతో బోరు నీళ్లు కొలవడం, వాలుకు అడ్డంగా కందకం తీయడం, విత్తన గుళికలు చేయడం చూపించాను. వీడియోలో అంకెలు త్వరగా వెళ్లిపోతాయి. అందుకే లెక్కలన్నీ ఇక్కడ వరుసగా రాస్తున్నాను. పక్కన ఒక నోట్‌బుక్కు పెట్టుకుని చదవండి. నా అంకెల దగ్గర మీ పొలం అంకెలు వేసుకుంటూ పోతే చాలు.

వేసవి వస్తే నాకు ఎక్కువగా వచ్చే ఫోన్ ఒకటే. "బోరు ఎండిపోయింది. ఇంకోటి వేద్దామనుకుంటున్నాం. పాయింట్ బాగా చూసేవాళ్లు ఎవరైనా ఉన్నారా?" అనంతపురం నుంచి, పాలమూరు నుంచి, నల్లగొండ నుంచి ఇదే మాట. ఒకటి ఫెయిలైతే రెండోది, రెండోది ఫెయిలైతే మూడోది. వడ్డీకి తెచ్చిన డబ్బంతా రాతిలోకి పోతుంది. పంట పోతే ఒక ఏడాది నష్టం. బోర్ల అప్పు మాత్రం పిల్లల చదువుల దాకా, పొలం అమ్ముకునే దాకా వెంటాడుతుంది.

ఈ పాఠంలో చెప్పేది ఒక్కటే. మెట్ట పొలంలో వాన నీరు మొదట మట్టిలో నిలవాలి, మిగిలింది కందకంలో, కుంటలో ఆగాలి, అక్కడి నుంచి భూమిలోకి దిగాలి. బోరు ఈ వరుసలో చివరిది. మనం మాత్రం చివరి దాని దగ్గరే మొదలుపెడుతున్నాం.

1. మీ ఎకరం మీద ఎంత నీరు పడుతోంది?

ఒక ఎకరం అంటే సుమారు 4,047 చదరపు మీటర్లు. ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు. అంటే ఎకరం మీద 1 మి.మీ. వానకు దాదాపు 4,000 లీటర్లు. ఇంచుమించు ఒక ట్రాక్టర్ ట్యాంకర్ నీళ్లు. 25 మి.మీ. వాన పడితే లక్ష లీటర్లు.

ఇప్పుడు అనంతపురం తీసుకోండి. దేశంలో బాగా తక్కువ వాన పడే జిల్లాల్లో ఒకటి. పడమటి కనుమలు నైరుతి మేఘాలను ఆపేస్తాయి. ఈశాన్య రుతుపవనాల వాన తూర్పు తీరంలో కురిసి అక్కడికి చేరేసరికి తగ్గిపోతుంది. ఏడాది సగటు సుమారు 550 మి.మీ. అయినా ఎకరం లెక్క వేస్తే 22 లక్షల లీటర్లు. నేనుండే సికింద్రాబాద్ వైపు సుమారు 800 మి.మీ. పడుతుంది. అంటే ఎకరానికి 32 లక్షల లీటర్లు.

కరువు జిల్లా అనే చోట కూడా ఒక ఎకరం మీద 22 లక్షల లీటర్లు ఆకాశం నుంచి ఉచితంగా పడుతున్నాయి. ట్యాంకర్ల లెక్కన 550. ఆ 550 ట్యాంకర్లు ఎక్కడికి పోయాయన్నదే అసలు ప్రశ్న.

ఇంకో సంగతి. సగటు ఒకటే అయినా వాన పడే తీరు మారింది. 2023 ఆగస్టు గుర్తుందా? 1901 నుంచి ఉన్న రికార్డుల్లో దేశం మొత్తం మీద అంత పొడి ఆగస్టు లేదు. నాట్ల నెలలోనే బెట్ట. ఇంకో ఏడాది ఇరవై రోజుల వాన రెండు రోజుల్లో కుమ్మరిస్తుంది. ఏడాది చివర్లో లెక్క చూస్తే "సాధారణ వర్షపాతం" అని వస్తుంది. చేను మాత్రం ఎండిపోయి ఉంటుంది. కాబట్టి మొత్తం ఎంత పడిందన్నదాని కంటే, పడిన రోజున ఎంత ఆపామన్నదే మన చేతిలో ఉన్న విషయం.

2. ఆ నీరు ఎక్కడికి పోతోంది?

దారులు నాలుగే. కొంత వాలు వెంట పారిపోతుంది. కొంత నేల మీద నుంచి ఆవిరవుతుంది. కొంత పై మట్టిలో తేమగా ఉండి మొక్కకు అందుతుంది. మిగిలిన కొంచెం కిందికి దిగి భూగర్భ జలం అవుతుంది.

మన చెలక నేలలు వేసవంతా బోసిగా ఉంటాయి. ఎండకు పైపొర పెళుసెక్కుతుంది. తొలకరి చినుకు పెద్దది. బోసి నేల మీద పడగానే మట్టి రేణువులను విడగొడుతుంది. ఆ సన్న మట్టి రంధ్రాల్లో కూరుకుని పైన ఒక పెంకులా తయారవుతుంది. తర్వాత పడే వానంతా ఆ పెంకు మీద జారిపోతుంది. పోయేటప్పుడు నీళ్లు ఒక్కటే పోవు, ఎర్రగా మట్టిని కూడా తీసుకుపోతాయి. వాగులో ఎర్రనీళ్లు పారుతుంటే "వాన బాగా పడింది" అని సంబరపడతాం. అది మన పై మట్టి, మన ఎరువు వెళ్లిపోవడం.

3. రాతి కింద ఎంత నీరు ఉంటుంది?

ఇది బోరు వేసే ప్రతి రైతుకీ తెలియాలి. మౌలాలి గుట్ట చూసినవాళ్లకి తెలుసు, ఆ బండ ఎంత గట్టిదో. తెలంగాణలో ఎక్కువ భాగం, అనంతపురంలో ఎక్కువ భాగం కింద ఉన్నది ఇలాంటి గ్రానైటే. పైన కొంత మట్టి, దాని కింద శిథిలమైన మెత్తటి రాయి, అంటే మనం మొరం అని పిలిచేది. దాని కింద గట్టి బండ, ఆ బండలో అక్కడక్కడా పగుళ్లు.

నీళ్లను దాచుకునే పని ఎక్కువగా చేసేది పైనున్న ఆ మెత్తటి పొరే. కింద పగుళ్లలో దొరికేవి కూడా పై పొర నుంచి దిగినవే. 800 అడుగులు, 1,000 అడుగులు దింపితే కొత్త నది ఏదీ దొరకదు. పగులు తగిలితే నీళ్లు, తగలకపోతే దుమ్ము. తగిలినా, పై పొర ఖాళీ అయితే ఆ పగులు ఎంతోకాలం నీళ్లు ఇవ్వదు.

ఇలాంటి రాతి నేలల్లో వానలో సుమారు పదో వంతు, చాలా చోట్ల అంతకంటే తక్కువే, భూగర్భంలోకి దిగుతుంది. పదో వంతు అనే అనుకుందాం. 550 మి.మీ.లో 55 మి.మీ. ఎకరానికి 2.2 లక్షల లీటర్లు. ఇదీ మీ ఎకరం బోరుకు ఇచ్చే ఏడాది జీతం.

ఈ రాయిలో నీళ్లు పట్టే ఖాళీ చాలా తక్కువ, నూటికి ఒకటి నుంచి మూడు పాళ్లు. రెండు పాళ్లు అనుకుంటే, 55 మి.మీ. నీరు దిగినా నీటి మట్టం రెండున్నర మీటర్ల పైనే లేస్తుంది. అందుకే మంచి వాన పడ్డాక బావిలో నీళ్లు పైకి వస్తే చాలా చేరాయనిపిస్తుంది. తోడితే అంతే వేగంగా పడిపోతాయి. మట్టం ఎత్తు చూసి మోసపోవద్దు, నీటి పరిమాణం చూడాలి.

4. మీ బోరు ఎంత తోడుతోంది?

వీడియోలో చూపించినట్టు 200 లీటర్ల డ్రమ్ము పెట్టి, సెల్‌ఫోన్‌లో టైమ్ చూడండి. 100 సెకన్లలో నిండితే సెకనుకు 2 లీటర్లు. గంటకు 7,200 లీటర్లు. రోజుకు 7 గంటలు నడిస్తే 50,400. ఒక పంటకాలం 120 రోజులు ఇలాగే నడిస్తే 60 లక్షల లీటర్లు.

ఎకరం ఇచ్చే జీతం 2.2 లక్షలు. 60 లక్షలను దాంతో భాగిస్తే 27. ఒక్క మామూలు బోరు ఒక్క పంటలో 27 ఎకరాల మీద ఇంకిన నీళ్లు తోడేస్తోంది. పెట్టిన నీళ్లలో మూడో వంతు మళ్లీ కిందికే దిగిందనుకున్నా, 18 ఎకరాల వాటా. మీకున్నది నాలుగెకరాలైతే, మిగతా 14 ఎకరాల నీళ్లు ఎవరివి? పక్క పొలంవాళ్లవి. వాళ్లకూ బోరుంది. వాళ్లూ ఇదే లెక్కలో మీ నీళ్లు తోడుతున్నారు. కొత్త బోరు వేస్తే కొత్త నీళ్లు పుట్టవు. ఉన్న కుండలో ఇంకో గొట్టం పెట్టడమే.

తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల ఉచిత కరెంటు వచ్చింది. రైతుకు అది పెద్ద ఊరట. కానీ మీటరు తిరగని చోట లెక్క మనమే పెట్టుకోవాలి.

ఇప్పుడు పంటల వైపు నుంచి చూద్దాం. పుస్తకాల లెక్కలో వరికి సుమారు 1,200 మి.మీ. నీరు కావాలి. ఎకరానికి 48 లక్షల లీటర్లు. వేరుశనగకు 500 నుంచి 600 మి.మీ. జొన్నకు 450 నుంచి 500. రాగికి 400 పైన. పెసర, మినుము, అలసంద లాంటి పప్పుధాన్యాలకు 250 నుంచి 300. అనంతపురంలో ఒక ఎకరం వరి తాగే నీళ్లు రెండెకరాల మీద పడే మొత్తం వాన కంటే ఎక్కువ. అదే నీళ్లతో నాలుగెకరాల పప్పుధాన్యం పండుతుంది.

5. ఈ లెక్క కట్టి నిలబడ్డ ఊళ్లు

ఇది నేను కనిపెట్టిన లెక్క కాదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2003 ప్రాంతంలో "రైతుల యాజమాన్యంలో భూగర్భ జలాలు" అనే పద్ధతిలో ఒక పెద్ద ప్రాజెక్టు నడిచింది. అనంతపురం, చిత్తూరు, కడప, కర్నూలు, మహబూబ్‌నగర్, నల్లగొండ, ప్రకాశం, మొత్తం ఏడు కరువు జిల్లాల్లో. నెదర్లాండ్స్ డబ్బు, ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ సాయం. అందులో రైతులకు ఉచితంగా మోటార్లు ఇవ్వలేదు. వానమాపకం ఇచ్చారు, బోరులో నీటి మట్టం కొలవడం నేర్పారు. ఊరి రైతులే కొలిచి గోడ మీద రాశారు. యాసంగి ముందు అందరూ కూర్చుని, ఈ ఏడాది ఇంత నీరు చేరింది, మనం అనుకున్న పంటలకు ఇంత కావాలి, ఇంత లోటు అని బడ్జెట్ వేసుకున్నారు. ఏ పంట వేయాలన్నది ఎవరిష్టం వారిదే. బలవంతం లేదు. కానీ గోడ మీద అంకె కనబడుతుంటే వరి తగ్గించి ఆరుతడి పంటలకు వెళ్లిన రైతులు చాలామంది.

మహారాష్ట్రలో హివరే బజార్ ఇంకో అడుగు ముందుకు వేసింది. ఏడాదికి 400 మి.మీ. అటూ ఇటూగా పడే ఊరు. పోపట్‌రావ్ పవార్ 1989లో సర్పంచ్ అయ్యాక గుట్టల మీద కందకాలు తీశారు, చెట్లు పెంచారు. సేద్యానికి బోర్లు వద్దని ఊరంతా కట్టుబాటు పెట్టుకున్నారు. ప్రతి ఏడాది నీటి లెక్క తేల్చి, తాగునీరు పక్కన పెట్టి, మిగిలిన దాన్ని బట్టి పంటలు. ఆయనకు పద్మశ్రీ కూడా వచ్చింది.

మాకు దగ్గర్లో శంకర్‌పల్లి మండలం కొత్తపల్లి ఉంది. 1999లో ఇక్రిశాట్, మన సంతోష్‌నగర్‌లోని క్రీడా సంస్థ, జిల్లా యంత్రాంగం, రైతులు కలిసి అక్కడ వాటర్‌షెడ్ పనులు చేశారు. చెక్ డ్యాములు, పొలం గట్లు, ఇంకుడు గుంతలు. చెక్ డ్యాములకు దగ్గరగా ఉన్న బావుల్లో నీళ్లు బాగా పెరిగాయి. అక్కడ నేర్చుకోవాల్సిన పాఠం కట్టడాలు ఒక్కటే కాదు. ఎవరి పొలంలో పని వాళ్లే చేసుకున్నారు, కమిటీ ఊరివాళ్లదే.

6. పని ఏ వరుసలో చేయాలి?

మొదటిది: నేలను కప్పండి. ఆంధ్రప్రదేశ్‌లో రైతు సాధికార సంస్థ నడుపుతున్న ప్రకృతి వ్యవసాయంలో నాకు బాగా నచ్చింది వానలకు ముందే పొడి దుక్కిలో విత్తడం. అందరూ పీఎండీఎస్ అంటారు. 2018లో అనంతపురంలోనే మొదలుపెట్టారు. పద్ధతి ఇది:

- ఏప్రిల్, మే నెలల్లో, ప్రధాన పంటకు ముందు, ఎకరాకు 10 నుంచి 15 కిలోల రకరకాల విత్తనాలు తీసుకోండి. చిరుధాన్యాలు, పప్పుధాన్యాలు, నూనెగింజలు, కూరగాయలు, పచ్చిరొట్ట. ఎన్ని రకాలుంటే అంత మంచిది.
- బీజామృతం పట్టించి, బంకమట్టి, ఘన జీవామృతం పొడి, బూడిద పొరలు పొరలుగా చుట్టి నీడలో ఆరబెట్టండి. ఇవే విత్తన గుళికలు.
- ఎకరాకు 400 కిలోల ఘన జీవామృతం వేసి, గుళికలు చల్లి, పైన వేరుశనగ పొట్టు, గడ్డి, ఆకులు ఏది దొరికితే అది కప్పండి.
- వేసవి జల్లు ఒకటి రెండు పడితే మొలుస్తాయి. 45 నుంచి 60 రోజులకు కోసి పశువులకు వేయండి, లేదా నేల మీదే పరచండి. తర్వాత ప్రధాన పంట.

దీనివల్ల తొలకరి వాన పడేసరికి నేల బోసిగా ఉండదు. ఆకు చినుకు దెబ్బను ఆపుతుంది, వేర్లు దారులు చేస్తాయి, వానపాములు తిరిగి వస్తాయి. పెంకు కట్టదు. ముందు చెప్పిన 550 ట్యాంకర్లలో ఎక్కువ మట్టిలోకి దిగుతాయి.

రెండోది: వాలుకు అడ్డంగా కందకాలు. మన విశ్రాంత ఇంజినీర్లు కొందరు ఏళ్లుగా చెబుతున్న కొలత: మీటరు వెడల్పు, మీటరు లోతు, వరుసకీ వరుసకీ 50 మీటర్ల దూరం. ఎకరాకు సుమారు 80 మీటర్ల పొడవు వస్తుంది. అంటే ఒక్కసారి నిండితే 80,000 లీటర్లు, 20 మి.మీ. వానతో సమానం. వానాకాలంలో ఐదుసార్లు నిండితే 4 లక్షల లీటర్లు. ఎకరం మామూలుగా భూమికి ఇచ్చే 2.2 లక్షలతో పోల్చి చూడండి. ఈ 4 లక్షలూ బోరులోకి రావు, కొంత ఆవిరవుతుంది, కొంత వేర్లకు పోతుంది. అయినా తేడా పెద్దదే. తీసిన మట్టి దిగువ గట్టున వేసి కంది, మునగ, గ్లిరిసీడియా పెట్టుకోండి. నల్లరేగడిలో మాత్రం నీరు నిలిచి పంట దెబ్బతినకుండా, పొంగిన నీళ్లు బయటికి పోయే దారి తప్పకుండా ఉంచాలి.

మూడోది: సేద్యపు కుంట. పైన 10 మీటర్లు × 10 మీటర్లు, లోతు 3 మీటర్లు, పక్కలు వాలుగా తీస్తే లక్షన్నర లీటర్లు పడుతుంది. ఇది పంట మొత్తానికి చాలదు. బెట్ట పడినప్పుడు ఎకరన్నరకు 25 మి.మీ. చొప్పున ఒక్క తడి. గింజ పాలు పోసుకునే సమయంలో ఆ ఒక్క తడే పంటను దక్కిస్తుంది. కుంటను దానికే దాచండి. నీరు వచ్చే దారిలో చిన్న గుంత ఒకటి తీస్తే ఒండ్రు అక్కడే ఆగుతుంది.

నాలుగోది: బోరు దగ్గర ఇంకుడు గుంత. బోరు చుట్టూ గుంత తీసి రాళ్లు, కంకర, ఇసుక వేసి నీటిని వడగట్టి దింపడం. పురుగుమందులు కొట్టిన చేలో పారిన నీళ్లు ఇందులోకి రానివ్వకండి. అవే మళ్లీ మీరు తాగే నీళ్లు.

ఊరి స్థాయిలో చెరువు ఉండనే ఉంది. తెలంగాణలో 2015లో మిషన్ కాకతీయ మొదలైనప్పుడు పూడిక మట్టి పొలాలకు తోలుకున్న రైతులకు తెలుసు దాని విలువ. చెరువుకు లోతు వచ్చింది, చెలకకు బలం వచ్చింది.

7. పొలం దాటితే గుట్ట

పొలంలో ఎంత చేసినా పైనున్న గుట్ట బోడిగా ఉంటే వరద ఆగదు. అనంతపురం వైపు చెన్నేకొత్తపల్లి దగ్గర 1990లో టింబక్టు కలెక్టివ్ 32 ఎకరాల బీడు భూమితో మొదలైంది. తర్వాత చుట్టుపక్కల ఊళ్లవాళ్లతో కలిసి కల్పవల్లి అనే చోట వేల ఎకరాల గుట్టలను కాపాడారు. అక్కడ ముఖ్యమైన పని మొక్కలు నాటడం కంటే మంట పడకుండా, విచ్చలవిడిగా మేపకుండా, నరకకుండా చూడటం. కాపలా ఉంటే పాత మోడులు తామే చిగురించాయి, గడ్డి పెరిగింది, వాగుల్లో నీరు ఎక్కువ రోజులు నిలిచింది.

ఇదే సంగతి ఆఫ్రికాలోనూ రుజువైంది. నైజర్‌లో టోనీ రినాడో 1980ల్లో రైతులకు చెప్పింది, పొలంలో చిగురించే మోళ్లను పీకకండి, రెండు మూడు కొమ్మలు ఉంచి పెంచండి అని. అలా సుమారు 50 లక్షల హెక్టార్లలో చెట్లు తిరిగి వచ్చాయి. బుర్కినా ఫాసోలో యాకూబా సవడోగో అనే రైతు గట్టిపడిన నేలలో చిన్న గుంతలు తీసి, పెంట వేసి, వానకు ముందే విత్తాడు. మన పీఎండీఎస్‌కు దూరపు చుట్టం అనుకోండి. ఇద్దరికీ 2018లో రైట్ లైవ్లీహుడ్ పురస్కారం వచ్చింది.

8. ఎక్కువమంది అడిగే ప్రశ్నలు

గాలిలో తేమతోనే పంట పండుతుందట కదా? మంచు, తేమ కొంత సాయం చేస్తాయి. గుళికలు వాటితో మొలిచాయని చెప్పే రైతులూ ఉన్నారు. కానీ మీ ప్రణాళిక వాన మీదే వేసుకోండి. తేమ కలిసొస్తే అదనపు లాభం.

జల్లు పడి మొలిచి, మళ్లీ ఎండితే? కొన్ని చచ్చిపోతాయి. అందుకే రకరకాల విత్తనాలు. అన్నీ ఒకేసారి మొలవవు, అన్నీ ఒకేసారి పోవు. మొదటిసారి అరెకరంలో చేసి చూడండి.

నేనొక్కడినే నీళ్లు ఇంకిస్తే పక్కవాడు తోడుకుంటాడు కదా? భూగర్భ జలం విషయంలో నిజమే. అందుకే మట్టి తేమ మొదట. అది ఎవరూ తోడుకోలేరు, పూర్తిగా మీదే. బోరు నీళ్ల విషయం మాత్రం నలుగురూ కూర్చుని మాట్లాడుకోవాల్సిందే.

అసలు బోరే వద్దంటారా? అలా అనను. తాగునీటికి, పశువులకు, పండ్ల తోటకు బోరు కావాలి. ఉన్న బోరును బతికించుకోవడం కొత్తది వేయడం కంటే చవక. కొత్తది తప్పదంటే 2002 నాటి వాల్టా చట్టం ప్రకారం అనుమతి తీసుకోండి, దగ్గర్లోని బోర్ల దూరం చూడండి.

9. ఈ వారం చేయాల్సిన పని

1. పొలంలో ఒక వానమాపకం పెట్టండి. పడిన ప్రతిసారీ తేదీతో రాయండి.
2. డ్రమ్ముతో మీ బోరు కొలిచి, పంటకాలానికి ఎన్ని లక్షల లీటర్లో తేల్చండి.
3. మీ ఎకరాలు × 2.2 లక్షలు వేసి పక్కన పెట్టండి. వాన ఎక్కువ పడే చోటైతే మీ వానలో పదో వంతు వేసుకోండి.
4. రెండు అంకెల మధ్య తేడా ఇంట్లో అందరికీ చూపించండి. అప్పు తెచ్చేది ఇంటి మీదకు కాబట్టి, ఈ లెక్క ఇంట్లో ఆడవాళ్లకూ తెలియాలి.
5. బోరుకు అనుకున్న డబ్బులో ఎంతతో కందకాలు, కుంట అవుతాయో మీ ఊరి జేసీబీ రేటుతో లెక్క వేయండి. ఉపాధి హామీలో ఈ పనులకు అవకాశం ఉందేమో పంచాయతీలో అడగండి.

రిగ్ బండి వాడు పొలంలోకి వచ్చాక లెక్కలు వేయడానికి టైమ్ ఉండదు. అందుకే ఇప్పుడే వేయండి. వచ్చే వీడియోలో ఏ-ఫ్రేమ్‌తో పొలం వాలు గుర్తించి కందకం గీత గీయడం చూపిస్తాను. మూడు కర్రలు, ఒక తాడు, ఒక రాయి సిద్ధం చేసుకోండి.